తిననంటున్న బల్లికి తినిపించాలా, ఆగాలా?

మొదటివారు: పెంపుడు బల్లి తినడం మానేసిందని చెప్పగానే చుట్టుపక్కల నుంచి వచ్చే సలహా ఒకటే: ‘కంగారుపడకండి, ఆకలేస్తే అదే తింటుంది.’ నాకు ఈ మాట మీదే అభ్యంతరం. కుక్క ఒక పూట గిన్నె ముట్టకపోతే ఇల్లంతా హడావిడి పడుతుంది. బియర్డెడ్ డ్రాగన్ పది రోజులుగా పురుగు వైపు తల తిప్పకపోయినా ‘చల్లనెత్తురు జీవి, దానికేం కాదులే’ అని సరిపెట్టుకుంటాం. బల్లి మూలగదు, కాళ్ల దగ్గరికొచ్చి పడుకోదు. నీరసం బయటపెట్టిన బల్లిని అడవిలో గద్ద తన్నుకుపోతుంది కనుక జబ్బును ఆఖరిదాకా దాచుకోవడం దాని నైజం. అది తిండి మానేసిందని మనం గమనించేనాటికి లోపల వ్యవహారం చాలా దూరం పోయి ఉండొచ్చు. అందుకే చూస్తూ కూర్చోవడం నాకు నచ్చదు. తనంతట తాను తినకపోతే సిరంజితోనైనా పట్టించి ముందు ప్రాణం నిలబెట్టాలి. కారణాలు ఆ తర్వాత వెతుక్కోవచ్చు.

రెండోవారు: కారణం తర్వాత వెతుకుదామన్న చోటే మీతో విభేదిస్తాను. మనకు కావలసిన వేడిని మన ఒళ్లే పుట్టించుకుంటుంది. బల్లికి ఆ వేడి బయటి నుంచి రావాలి. బియర్డెడ్ డ్రాగన్ మన తొండల కుటుంబానిదే, కాకపోతే దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిమధ్యనున్న ఎండు నేలలు. అది ఎండ కాచుకునే రాయి 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ దాకా కాగాలి. పెట్టె రెండో కొస 25–28 దగ్గర చల్లగా ఉండాలి. ఆ వేడి అందకపోతే జీర్ణరసాలు సరిగా పనిచేయవు, పేగు కదలదు, మింగిన పురుగు కడుపులోనే కుళ్లుతుంది. అలాంటప్పుడు తినకపోవడం జబ్బు కాదు, ఒంటి తెలివి. చాలా ఇళ్లలో గాజుకు అతికించిన గుండ్రటి థర్మామీటరు చూసి అంతా బాగుందనుకుంటారు. అది కొలిచేది గాజు పక్కనున్న గాలిని. అదే సమయంలో టెంపరేచర్ గన్ తెచ్చి రాయికి గురిపెడితే 30 కూడా చూపకపోవచ్చు. పైగా కరెంటు పోయినప్పుడు ఫ్యానుకూ లైటుకూ ఇన్వర్టర్ ఉంటుంది కానీ బల్లి బల్బును దానికి కలిపినవాళ్లు తక్కువ. పెట్టె ఏసీ గదిలో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. చల్లబడిన కడుపులోకి సిరంజితో తిండి ఎక్కించడం సాయం కాదు, అపకారం.

మొదటివారు: వేడి ముందు, తిండి తర్వాత అన్నది ఒప్పుకుంటాను. నా మాటలో ఆ వరుస తప్పింది, దిద్దుకుంటాను. కానీ నా భయం ఆ తర్వాతి సంగతి. పెట్టె సరిచేయడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది అందులోనే ఉండిపోతారు. బల్బు మార్చి ఒక వారం చూస్తారు. ఇసుక తీసి టైల్స్ పరిచి ఇంకో వారం చూస్తారు. యూవీబీ ట్యూబు తెప్పించి మరో వారం. విడివిడిగా చూస్తే ప్రతి మార్పూ సబబే. బల్లికి మాత్రం అవన్నీ కలిపి ఒకటే పస్తు. సరిచేయాల్సినవన్నీ ఒక్క రోజులో సరిచేయండి. ఆ మర్నాటి నుంచి లెక్క మొదలుపెట్టండి. గడువు లేని ఓపికకూ పట్టించుకోకపోవడానికీ బయటి నుంచి చూస్తే తేడా ఏమీ కనిపించదు.

రెండోవారు: గడువు పెడదాం. అయితే అది రోజుల్ని బట్టి కాదు, బరువును బట్టి ఉండాలి. గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొని, వారానికి ఒకసారి ఒకే వేళకు బల్లిని డబ్బాలో పెట్టి తూచి రాసుకుంటే చాలు. తినకపోవడానికి ఆరోగ్యకరమైన కారణాలు బోలెడు. కుబుసం విడిచేముందు తినదు. కొత్త ఇంటికి వచ్చినప్పుడు కొన్నాళ్లు తినదు. గాజులో తన నీడ తనకే మరో మగ డ్రాగన్‌లా కనిపిస్తే బెదిరి తినదు. ఏడాది దాటిన బియర్డెడ్ డ్రాగన్ పగటిపొద్దు తగ్గే రోజుల్లో మూలకు చేరి మగతగా పడుకుంటుంది. దీన్నే బ్రుమేషన్ అంటారు. ఇళ్లలో పెంచే మరో బల్లి లెపర్డ్ గెకోకు తోకే కొవ్వు కొట్టు. లావుపాటి తోక ఉన్న పెద్ద గెకో వారాల తరబడి తినకపోయినా ప్రమాదం ఉండదు. ఒకే బరువున్న ఎలుకతో పోలిస్తే బల్లి ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి దాదాపు పదోవంతు. మన పూటల లెక్క దాని మీద రుద్దకూడదు. లంఖణం పరమౌషధమని మనవాళ్లు ఊరికే అనలేదు.

మొదటివారు: లంఖణం మనిషికి చెప్పిన మాటండీ. అది కూడా, జ్వరం తగ్గగానే పథ్యం పెట్టేవాళ్లు పక్కన ఉన్నవాడికి. మీ కాటాను మాత్రం సంతోషంగా తీసుకుంటాను. నిజంగా బ్రుమేషన్‌లో ఉన్న డ్రాగన్ బరువు పెద్దగా తగ్గదు. వారం వారం తగ్గుతోందంటే అది నిద్ర కాదు. కానీ ఆ పేరు ఎంత సులువుగా వాడుతున్నామో చూడండి. డిసెంబరులో ఏ డ్రాగన్ తినకపోయినా బ్రుమేషనే అంటాం. దాని పేగులో కాక్సిడియా, పిన్‌వార్మ్‌ల లాంటి పరాన్నజీవులు ముదిరి ఉండొచ్చు. ఏడాది నిండని పిల్ల అయితే ఆ నిద్రకు వదలనే కూడదు. పెరిగే ఎముక రోజూ తిండి అడుగుతుంది. ఇక ఆడ డ్రాగన్. మగ తోడు లేకుండానే గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టేముందు తిండి మానేసి నేల గీరుతుంది. తవ్వుకోవడానికి తడిమట్టి లేకపోతే గుడ్లు లోపలే నిలిచిపోతాయి. ఆ బల్లి బరువు తగ్గదు, గుడ్ల వల్ల పెరుగుతుంది కూడా. మీ కాటా చూసి ‘బరువు బాగానే ఉంది, ఆగుదాం’ అనుకుంటే అది గుడ్లతోనే చచ్చిపోతుంది.

రెండోవారు: ఆడబల్లి విషయంలో కాటా మోసం చేస్తుందన్నది నిజం. ఆడదై ఉండి, పొట్ట ఉబ్బి, నేల గీరుతూ, తినకుండా ఉంటే తూకం చూస్తూ కూర్చోకూడదు. ఎక్స్‌రే తీయించాలి. పిల్లల విషయంలోనూ నేను ఆగమనను. బల్లులు చూసే పశువైద్యుడి దగ్గరికి తొందరగా వెళ్లడంలో మనిద్దరికీ తేడా లేదు. తాజా మలం పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. నా తగాదా డాక్టరుతో కాదు, ఇంట్లో పట్టే సిరంజితో. బల్లి శ్వాసనాళం నోరు లోపలెక్కడో ఉండదు, నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది. ఒక్క చుక్క అటు పోతే ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా అవుతుంది. కాల్షియం తక్కువైన బల్లికి దవడ ఎముక మెత్తబడి ఉంటుంది, బలవంతంగా నోరు తెరిస్తే విరుగుతుంది. గెకోను బెదిరేలా పట్టుకుంటే తోక వదిలేస్తుంది. అంటే తిండి పెట్టబోయి, అది దాచుకున్న తిండినే ఊడగొట్టినవాళ్లం అవుతాం.

మొదటివారు: మీరు చెప్పింది మొరటుగా పట్టించడం గురించి. తెలిసినవాళ్లు పట్టించే తీరు వేరు. బల్లిని కాగిన రాయి మీద కాసేపు ఉండనివ్వాలి. ఒళ్లు వెచ్చబడ్డాక మెత్తటి గుడ్డలో వదులుగా చుట్టి, కడుపు కింద అరచెయ్యి ఆన్చి పట్టుకోవాలి. నోరు తెరవకూడదు. పలచగా కలిపిన తిండి ఒక బొట్టు ముక్కు కొసన, పెదవి అంచున పెట్టి ఆగాలి. కాసేపటికి నాలుక బయటికొచ్చి దాన్ని నాకుతుంది. అప్పుడు ఇంకో బొట్టు. రెండు మూడు బొట్లయ్యాక చాలా బల్లులు వాటంతట అవే నోరు తెరుస్తాయి. అప్పుడైనా సిరంజి నోటి పక్క నుంచి పెట్టాలి తప్ప మధ్యలోకి తోయకూడదు. ఇందులో బలవంతం ఎక్కడుంది? రుచి గుర్తుచేస్తున్నాం, అంతే. రెండు రోజులు అలా నాకిన బల్లి మూడో రోజు పురుగు వెంట పడటం పెంచేవాళ్లు చాలామంది చూసేదే.

రెండోవారు: ముక్కు కొసన బొట్టు వరకూ నాకూ అభ్యంతరం లేదు. నాకడమా మానడమా అన్నది అక్కడ బల్లి చేతిలోనే ఉంది. కానీ ఆ బొట్టులో ఏముందన్నది కూడా చూడాలి. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం పోస్తే నెత్తుట్లోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోయి గుండె దెబ్బతింటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్ చెరల నుంచి బయటపడ్డ బందీల్లో కొందరు అన్నం దొరికాకే చనిపోయారు. రీఫీడింగ్ సిండ్రోమ్ అనే ఈ స్థితిని వైద్యులు గుర్తించింది అలాంటి అనుభవాల నుంచే. బక్కచిక్కిన బల్లికీ అదే గండం ఉంది. అందుకే ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. ఆ తిండి కూడా మొదట అరకొరగా, రోజురోజుకూ కొద్దిగా పెంచుతూ పెట్టాలి. ఇంట్లో ఉన్న పాలు, పిల్లలకు కలిపే పాలపొడి మిశ్రమాలు, చక్కెర నీళ్లు తోచినట్టు పట్టిస్తే ప్రేమతోనే చంపుతాం. పాలు అరిగించుకునే శక్తి బల్లికి లేదు.

మొదటివారు: ఆ వరుస నాకూ సమ్మతమే. కళ్లు లోపలికి పోయి, చర్మం పట్టి లాగితే ముడత అలాగే నిలిచి, మలంతో వచ్చే తెల్లటి భాగం పసుపు రంగుకు తిరిగి గట్టిపడిందంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. అప్పుడు తిండి మాటే ఎత్తకూడదు. ముక్కు మీద చుక్కలుగా నీళ్లు, పొట్ట మునగనంత గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నిలబెట్టడం, డాక్టరయితే సూదిమందు ద్వారా ద్రవాలు. ఇదంతా నిదానంగా జరగాలన్నదీ ఒప్పుకుంటాను. నాకు అర్థం కానిది ఒకటి. ఇన్ని జాగ్రత్తలు తెలిసిన మీరు, అన్నీ పాటించి తినిపిస్తామన్నా ఎందుకు వెనకాడుతున్నారు?

రెండోవారు: ఎవరి ఆకలి తీరుతోందన్న అనుమానంతో. మన ఇళ్లలో ప్రేమ అంటే తినిపించడం. గిన్నె పట్టుకుని పిల్లాడి వెనక వాకిలంతా తిరుగుతాం, నాలుగు ముద్దలు లోపలికి పోతేగానీ మన ప్రాణం కుదుటపడదు. అదే మనసు బల్లి దగ్గరికీ తీసుకొస్తున్నాం. పిల్లాడికి ఆ చెయ్యి అమ్మదని తెలుసు. బల్లికి పైనుంచి దిగే చెయ్యి గద్ద కాలే. డ్రాగన్ గడ్డం నల్లబడి ఉబ్బిందంటే, నోరు తెరిచి బుస కొట్టిందంటే అది ఇక తిండి గురించి ఆలోచించడం లేదు, తప్పించుకోవడం గురించి ఆలోచిస్తోంది. రోజుకు రెండుసార్లు ఆ భయం పెడితే ఆకలి పుట్టదు, ఉన్నది కూడా చస్తుంది. కొన్నాళ్లకు పెట్టె తలుపు చప్పుడైతే చాలు మూలకు పరిగెడుతుంది. అప్పుడు మనం ‘చూశారా, నీరసంగా ఉంది’ అని ఇంకోసారి సిరంజి నింపుతాం.

మొదటివారు: భయం ఉంటుంది, కాదనను. కానీ తినననడం దాని ఇష్టమన్నట్టు మాట్లాడటం నాకు సమ్మతం కాదు. అడవిలో బల్లికి చలేస్తే ఎండ రాయి వెతుక్కుంటుంది. దాహమేస్తే మంచుచుక్క నాకుతుంది. ఒక పురుగు పడకపోతే ఇంకో పురుగు పట్టుకుంటుంది. గుడ్లొస్తే మెత్తటి నేల చూసుకుంటుంది. దానికి వంద దారులున్నాయి. మనం ఆ వందా మూసేసి, నాలుగు గాజు పలకల మధ్య పెట్టి, చివరికి తినడమా మానడమా అన్న ఒక్కటి మాత్రం దానికి వదిలి, దానికి స్వేచ్ఛ అని పేరు పెడుతున్నాం. వెళ్లడానికి ఇంకెక్కడా లేని జీవి చెప్పే ‘వద్దు’కు అడవి జీవి చెప్పే ‘వద్దు’కున్న విలువ లేదు. తెచ్చి పెట్టెలో పెట్టిన రోజే దాని బతుకు మన బాధ్యత అయింది. ఇప్పుడు చేతులు కట్టుకుని ‘దాని ఇష్టం’ అనడం బాధ్యత దులుపుకోవడమే.

రెండోవారు: మీ వాదనలో ఇదే అన్నిటికంటే గట్టిది. దానికి తలవంచుతాను. కానీ దాన్నుంచి మీరు తేల్చినది ఒప్పుకోలేను. వంద దారులు మూశామంటే, తిరిగి తెరవాల్సింది ఆ దారులను. నోటిని కాదు. యూవీబీ ట్యూబు ఏడాది తిరిగేసరికి వెలుగుతూనే ఉంటుంది, కానీ అందులో యూవీబీ బాగా తగ్గిపోయి ఉంటుంది. కంటికి తెలియదు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో యూవీబీ రాదు. అది లేకపోతే విటమిన్ డీ3 తయారు కాదు, ఎంత కాల్షియం పొడి చల్లినా ఎముకకు అందదు, ఒళ్లు నీరసించి ఆకలి పోతుంది. మన దగ్గర ఏడాది పొడుగునా ఎండకు కరువు లేదు. పొద్దున్నే ఎండలో వల పంజరంలో, సగం నీడ ఉండేలా, పక్కనే మనిషి కూర్చుని కాసేపు ఉంచితే ఏ ట్యూబూ ఇవ్వలేనిది దొరుకుతుంది. గాజు పెట్టెతో సహా ఎండలో పెడితే మాత్రం నిమిషాల్లో ఉడికి చచ్చిపోతుంది. ఇక విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల ఉక్కపోత వేరే సమస్య. ఎడారి బల్లికి ఆ తేమ పడక ఛాతీ జబ్బు చేసినా తిండి మానేస్తుంది. ఇవన్నీ చూడకముందే సిరంజి తీసుకోవడం అంటే పెట్టె తప్పుకు బల్లిని శిక్షించడం.

మొదటివారు: తిండి సంగతి కూడా ఆ దారుల్లో చేర్చండి. మనవాళ్లు డ్రాగన్‌కు రోజూ పాలకూరో తోటకూరో వేస్తారు. రెండింటిలోనూ ఆక్సలేట్లు ఎక్కువ, ఒంట్లోకి పోయిన కాల్షియాన్ని పట్టేస్తాయి. మునగాకు, మందార ఆకు, మందార పూలు, గుమ్మడి తురుము మనకు పెరట్లోనే దొరుకుతాయి. వాటిని పెట్టరు. పిల్లగా ఉన్నప్పుడు పురుగులు ఎక్కువ తిని, పెద్దయ్యాక ఆకు ఎక్కువ తినాల్సిన జీవికి పెద్దయ్యాకా కొవ్వు పురుగులే వేసి, అవి తప్ప ఇంకేం ముట్టడం లేదని బాధపడతారు. రెండు కళ్ల మధ్య ఎడం కంటే పెద్ద పురుగు వేసి, మింగలేదంటారు. రాత్రిపూట వేటాడే గెకోకు మిట్టమధ్యాహ్నం తిండి పెడతారు. తిననివి పెట్టెలో వదిలేస్తే ఆ కీచురాళ్లే రాత్రి బల్లి చర్మాన్ని కొరుకుతాయి. ఇక పిల్లలు తోటలోంచి పట్టుకొచ్చే పురుగులైతే మందు కొట్టిన చేలవో తెలియదు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. అక్కడి మిణుగురు పురుగులో ఉండే విషానికి ఒక్కదాన్ని తిన్నా బియర్డెడ్ డ్రాగన్ చచ్చిపోతుంది.

రెండోవారు: చూశారా, ఇంతసేపూ మీరు చెప్పినవన్నీ నోరు తెరిపించకుండా చేయగల సాయాలే. వేళ మార్చడం, పురుగు మార్చడం, పట్టకారతో పురుగును నేల మీద కదిలించడం. గెకో దాన్ని చూసి తోక కొస సన్నగా వణికించిందంటే ఆకలి బతికే ఉందన్నమాట. ఆ వణుకు కనిపించిన రోజు నాకు సిరంజి అవసరం లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. చెట్టు మీంచి పట్టుకొచ్చిన తొండో, పొలంలో దొరికిన ఉడుము పిల్లో తినకపోతే దానికి ఏ సలహా పనికిరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. అది తినకపోతే చేయాల్సిన సాయం ఒకటే, అటవీ శాఖకు అప్పగించడం.

మొదటివారు: అందులో రెండో మాట లేదు. కానీ పెంపుడు బల్లికి వస్తే, మీరు ఒక స్థితిని వదిలేస్తున్నారు. కాల్షియం తగ్గి దవడ మెత్తబడ్డ డ్రాగన్‌ను గమనించండి. పురుగు కనిపించగానే తల ఎత్తుతుంది. వణికే వేళ్లతో రెండడుగులు వేస్తుంది. నాలుక చాస్తుంది. పురుగు అంటుకుంటుంది కూడా. నమలబోయేసరికి దవడ వంగిపోతుంది, పురుగు జారిపోతుంది. మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ తర్వాత కళ్లు మూసుకుని తల కిందికి వాల్చేస్తుంది. దూరం నుంచి చూసినవాళ్లు ‘తినడం లేదు’ అంటారు. అది తిననన్న జీవి కాదు, తినలేని జీవి. దాని ముందు ‘ఆకలేస్తే తింటుంది’ అని కూర్చోవడం కంటే క్రూరత్వం ఇంకేముంది? నోటిపూతతో చిగుళ్లు చీముపట్టిన బల్లికీ ఇదే గతి.

రెండోవారు: అక్కడ మీ పక్షానే నిలబడతాను. తిననిదీ తినలేనిదీ ఒకటి కావు. నేను ఇంతసేపూ తినని దాని గురించి చెబుతుంటే మీరు తినలేని దాన్ని చూపించారు. నమలలేని బల్లికి నమలక్కర్లేని తిండి, డాక్టరు చెప్పిన కాల్షియం, అవసరమైతే డాక్టరు వేసిన ట్యూబు. ఇందులో వాయిదా కుదరదు. కాకపోతే ఆ రెండింటినీ వేరుచేసి చెప్పేవాళ్లు కావాలి. హైదరాబాదు లాంటి నగరంలో వెతికితే దొరుకుతారు. చిన్న ఊళ్లో గేదెలకూ మేకలకూ వైద్యం చేసే డాక్టరు చేతిలో ఈ జీవిని పెడితే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఆ ఊళ్లో ఉన్నవాళ్ల చేతికి సిరంజి ఇస్తే, తెలియనితనం మీద ఇంకో తెలియనితనం చేరుతుంది.

మొదటివారు: డాక్టరు దొరకడన్న ఆ కారణంతోనే నేను పెంచేవాళ్లు నేర్చుకోవాలంటున్నాను. రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న డాక్టరుకు ఫోన్లో వీడియో చూపించి, ఆయన చెప్పిన కొలతతో బొట్టు పెట్టడం నేర్చుకోవచ్చు. వెళ్లే దారిలో బల్లి బతకాలన్నా అంత మాత్రం రావాలి. బల్లిని కొనడానికి డబ్బు, పెట్టెకు డబ్బు, బల్బుకు డబ్బు పెట్టినవాళ్లు ఇంటికి తేకముందే దాన్ని చూడగల డాక్టరు ఎవరో కనుక్కోవాలి. అది చేయనివాళ్లకు ఆగే హక్కూ లేదు, పట్టించే హక్కూ లేదు.

రెండోవారు: ఆ మాట ఇంత గట్టిగానే చెప్పాలి. ఇప్పుడు మీరు నన్ను అడిగినట్టే నేనూ ఒకటి అడుగుతాను. లెపర్డ్ గెకో తోక పుల్లలా సన్నబడిపోయింది. పరీక్షలో క్రిప్టోస్పోరిడియం అనే పేగు పరాన్నజీవి ఉందని తేలింది. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. మీ చేతి నైపుణ్యంతో నెలల తరబడి దాన్ని నిలబెట్టగలరు. రోజూ వెచ్చబెట్టి, రోజూ నీళ్లు పట్టించి, రోజూ బొట్టు నాకించి. అది వేటాడదు, ఎక్కదు, రాత్రి బయటికి రాదు. మీ సిరంజి వచ్చే వేళకు మాత్రం బతికి ఉంటుంది. మీరు నిలబెడుతున్నది బల్లినా, చావు వాయిదానా?

మొదటివారు: పరీక్ష లేకుండా ఆ మాట అనుంటే ఒప్పుకునేవాణ్ని కాదు. సన్నటి తోకలన్నీ క్రిప్టో కావు. చాలావాటికి కింద నేల చల్లగా ఉండటమో, పేగులోని మామూలు పురుగులో కారణం. సరైన వేడీ మందూ పడగానే తోక మళ్లీ నిండుతుంది. ‘ఇక లాభం లేదు’ అని ఇంట్లో తేల్చేసిన బల్లులు డాక్టరు బల్ల మీద బతకడం జరుగుతుంది. ఆ ఆశకు సమయం కొనిచ్చేది తినిపించడమే. కానీ మీరు పరీక్ష అయిన దాని గురించి అడిగారు. అక్కడ నొప్పి లేకుండా కన్నుమూయించడం దయేనని ఒప్పుకుంటాను. అది డాక్టరు చేతే జరగాలి. ఫ్రిజ్‌లో పెట్టేయడం లాంటి ఇంటి పద్ధతులు క్రూరం. ఆ నిర్ణయం తీసుకునే రోజు వరకూ మాత్రం నేను తిండి ఆపను. ఆకలితో చావడం ఏ జబ్బుకూ మందు కాదు.

రెండోవారు: ఆ రోజు ఎప్పుడో ముందే రాసిపెట్టుకోకపోతే అది ఎప్పటికీ రాదు. ఇవాళ రెండు బొట్లు ఎక్కువ నాకింది కదా, ఇంకో వారం చూద్దాం అంటాం. నా ఓపికకు గడువు పెట్టమన్నారు, పెట్టాను. మీ ప్రయత్నానికీ ఒక గడువు ఉండాలి. డాక్టరుతో కూర్చుని, ఏ బరువు దాటి తగ్గితే ఆపాలో, ఏ పనులు చేయలేకపోతే ఆపాలో మనసు స్థిమితంగా ఉన్నప్పుడే రాసుకోవాలి.

మొదటివారు: రాసుకుంటాను. కానీ నా వాదన మాత్రం వదలను. ఆగడం కూడా మనం చేసే పనే. చెయ్యి పెట్టనంత మాత్రాన అందులో మన చెయ్యి లేదనుకోకూడదు. బరువులో పదోవంతు తగ్గిందంటే నాకు ఇక ఆగే రోజు లేదు. ఎక్కువ ముట్టుకున్నానన్న నింద పడినా భరిస్తాను గానీ, ముట్టుకుని ఉంటే బతికేదన్న మాట భరించలేను.

రెండోవారు: పదోవంతు దాకా మీ దారీ నా దారీ ఒకటే: వేడి, వెలుగు, నీళ్లు, కాటా, మల పరీక్ష, డాక్టరు. అది దాటాక ముక్కు కొసన బొట్టు పెట్టడానికీ నేను వస్తాను. దాన్ని కూడా నాకకుండా తల తిప్పేసుకున్న చోట మనం విడిపోతాం. అక్కడ మీరు నోరు ఎలా తెరిపించాలా అని చూస్తారు. నేను ఇంకేం కనిపెట్టలేకపోయామా అని చూస్తాను. మీరు చెప్పినట్టు ముట్టుకుని ఉంటే బతికేదన్న మాట భరించడం కష్టమే. బతికిన నాలుగు వారాలూ నా చెయ్యి చూసి వణుకుతూనే బతికిందన్న మాట నాకు అంతకంటే కష్టం.